కారణాంకాలతో వర్గ సమీకరణాలు సాధించడం: మొదటి వరుస నుంచి సరిచూసుకోవడం దాకా

వర్గ సమీకరణాన్ని చేత్తో సాధించడానికి ఎక్కువగా వాడే పద్ధతులు మూడు: కారణాంకాలుగా విడగొట్టడం, వర్గాన్ని పూర్తి చేయడం, ఫార్ములా. చివరి రెండూ ఏ వర్గ సమీకరణానికైనా పనికొస్తాయి. కారణాంక పద్ధతి అన్నిటికీ కుదరదు, కుదిరిన చోట మాత్రం మూడు నాలుగు వరుసల్లో లెక్క తేల్చేస్తుంది. తప్పులు ఎక్కువగా దొర్లేదీ ఇందులోనే. గుణకారం రాక జరిగే తప్పులు వాటిలో తక్కువ. కుడివైపు సున్నా ఎందుకు ఉండాలో పట్టించుకోకపోవడం వల్ల జరిగేవే ఎక్కువ.

అందుకే ముందు ఆ సున్నా సంగతి చూద్దాం.

అంతా ఆధారపడేది సున్నా మీదే

రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే, వాటిలో కనీసం ఒకటి సున్నా అయి తీరాలి. మరే సంఖ్యకూ ఈ గుణం లేదు. లబ్ధం 8 అని చెబితే ఆ రెండు సంఖ్యలు 1, 8 కావచ్చు, 2, 4 కావచ్చు, −16, −½ కూడా కావచ్చు. దాన్నిబట్టి ఏ ఒక్క సంఖ్య గురించీ గట్టిగా ఏమీ చెప్పలేం. లబ్ధం సున్నా అంటే మాత్రం ఒక్కసారిగా విషయం తేలిపోతుంది.

ఈ ఉదాహరణ చూడండి:

(x − 3)(x + 4) = 8

చాలామంది ఇక్కడ x − 3 = 8 అని ఒకటి, x + 4 = 8 అని ఒకటి రాసి, x = 11, x = 4 అని తేల్చేస్తారు. 11ను వేసి చూస్తే 8 × 15 = 120 వస్తుంది, అంటే తప్పు. విచిత్రం ఏమిటంటే 4 వేస్తే 1 × 8 = 8, సరిపోతుంది! పద్ధతి తప్పైనా ఒక జవాబు కాకతాళీయంగా కుదిరింది. ఒక్క మూలాన్నే (అంటే సమీకరణానికి జవాబైన ఒక్క x విలువనే) సరిచూసి వదిలేసేవాళ్లు ఇలాంటి చోటే మోసపోతారు.

సరైన దారి: ఎడమవైపు బ్రాకెట్లు విప్పి x² + x − 12 = 8 అని రాసి, 8ని ఇటు తెస్తే x² + x − 20 = 0. ఇది (x + 5)(x − 4) = 0 అవుతుంది. మూలాలు −5, 4. మొదటి సమీకరణంలో −5 వేస్తే (−8)(−1) = 8. రెండూ కుదిరాయి.

బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సున్నాను ఒక సంఖ్యగానే తీసుకుని, దానితో దేన్ని గుణించినా సున్నాయే అని నియమం పెట్టాడు. పదాలన్నీ ఒకవైపు తెచ్చి, కారణాంకాల లబ్ధాన్ని సున్నాకు సమానం చేసి మూలాలు చదవడమనే అలవాటు చాలా తర్వాత వచ్చింది. ఇంగ్లండ్‌కు చెందిన థామస్ హారియట్ పేరిట, ఆయన పోయిన పదేళ్లకు, 1631లో వెలువడిన బీజగణిత గ్రంథంలో ఇది కనిపిస్తుంది.

మెట్టు 1: సమీకరణాన్ని ax² + bx + c = 0 రూపంలోకి తేవడం

అన్ని పదాలనూ ఎడమవైపుకు తెచ్చి, x² పదం, x పదం, స్థిరపదం అనే వరుసలో రాయండి. కుడివైపు సున్నా తప్ప ఇంకేమీ మిగలకూడదు. ఆ తర్వాత సమీకరణాన్ని కాస్త శుభ్రం చేసుకోవాలి.

x² ముందు మైనస్ ఉంటే మొత్తాన్నీ −1తో గుణించండి. −x² + 3x + 10 = 0 అన్నది x² − 3x − 10 = 0 అవుతుంది. మూడు గుర్తులూ మారాలి. మొదటిది మాత్రమే మార్చి ఊరుకుంటే అది వేరే సమీకరణం.

భిన్నాలుంటే హారాల కనిష్ఠ సామాన్య గుణిజంతో గుణించండి. x²/4 − x/3 − 1/3 = 0 ని 12తో గుణిస్తే 3x² − 4x − 4 = 0. దశాంశాలైతే 10తోనో 100తోనో గుణిస్తే సరి.

అన్ని గుణకాలకూ ఉమ్మడి సంఖ్య ఉంటే దానితో భాగించేయండి. 10x² − 50x + 60 = 0 ని అలాగే ఉంచి, మెట్టు 4లో చూడబోయే పద్ధతిలో 10 × 60 = 600కు జతలు (గుణిస్తే 600 వచ్చే రెండేసి సంఖ్యలు) వెతకడం వృథా శ్రమ. 10తో భాగిస్తే x² − 5x + 6 = 0, ఇక చూడగానే 2, 3 అని తెలిసిపోతుంది. కుడివైపు సున్నా ఉంది కాబట్టే ఇలా నిశ్చింతగా భాగించగలుగుతున్నాం. సమీకరణం కాని ఉత్త బహుపదిలో మాత్రం ఆ 10 మాయం కాకూడదు, బ్రాకెట్ బయట ఉండాలి.

సంఖ్యతో భాగించవచ్చు, xతో మాత్రం భాగించకూడదు. x² = 5x అని ఉంటే రెండువైపులా x కొట్టేసి x = 5 అని రాయాలనిపిస్తుంది. అలా రాస్తే x = 0 అనే మూలం పోతుంది. xతో భాగించే క్షణంలోనే x సున్నా కాదని మనకు తెలియకుండానే ఒప్పుకున్నట్టు లెక్క. x² − 5x = 0 అని రాసి, x ఉమ్మడిగా బయటికి తీస్తే x(x − 5) = 0. మూలాలు 0, 5. స్థిరపదం లేని ప్రతి వర్గ సమీకరణానికీ సున్నా ఒక మూలం, రెండోది ఈ దారిలో ఒక్క వరుసలో వస్తుంది. దీనికి జతలు వెతికే పనే లేదు.

మెట్టు 2: తేలిక రూపాలను ముందే పట్టేయడం

మధ్య పదం లేకపోతే వర్గాల తేడా అవునో కాదో చూడండి. x² − 49 = 0 అంటే (x − 7)(x + 7) = 0. అలాగే 9x² − 25 = 0 అంటే (3x − 5)(3x + 5) = 0, మూలాలు 5/3, −5/3. మధ్యలో ప్లస్ ఉంటే, ఉదాహరణకు x² + 9 = 0, వాస్తవ మూలాలు ఉండవు. (x + 3)(x + 3) అని రాయడం ఇక్కడ బాగా అలవాటైన పొరపాటు, విప్పి చూస్తే 6x అనే పదం అదనంగా బయటపడుతుంది.

మొదటి పదమూ చివరి పదమూ వర్గాలై, మధ్య పదం వాటి వర్గమూలాల లబ్ధానికి రెట్టింపైతే అది సంపూర్ణ వర్గం. 4x² − 20x + 25 లో 2x, 5 ల లబ్ధం 10x, దాని రెట్టింపు 20x. కాబట్టి (2x − 5)² = 0. మూలం 5/2 ఒక్కటే, రెండుసార్లు వచ్చినట్టు లెక్క.

మెట్టు 3: x² గుణకం 1 అయినప్పుడు

రెండు సంఖ్యలు కావాలి: వాటి లబ్ధం స్థిరపదం, మొత్తం x గుణకం. (x + m)(x + n) విప్పితే x² + (m + n)x + mn వస్తుంది కదా, అందుకని.

గాల్లో ఊహించకుండా ముందు గుర్తులు తేల్చుకోండి. స్థిరపదం ధనాత్మకమైతే రెండు సంఖ్యలకూ ఒకే గుర్తు, అది మధ్య పదం గుర్తే. స్థిరపదం రుణాత్మకమైతే గుర్తులు వేరు, పెద్ద సంఖ్యకు మధ్య పదం గుర్తు వస్తుంది. మొదటి సందర్భంలో జతలను కూడుతూ చూడాలి, రెండోదాంట్లో తీసివేస్తూ చూడాలి.

x² + 5x − 84 = 0 తీసుకుందాం. స్థిరపదం రుణాత్మకం, కాబట్టి 84 జతల్లో తేడా 5 ఉన్నది కావాలి. 1 నుంచి వరుసగా వెళ్లండి:

1 × 84, తేడా 83
2 × 42, తేడా 40
3 × 28, తేడా 25
4 × 21, తేడా 17
6 × 14, తేడా 8
7 × 12, తేడా 5

దొరికింది. పెద్దదైన 12కు మధ్య పదం గుర్తు, అంటే ప్లస్, 7కు మైనస్. (x + 12)(x − 7) = 0. మూలాలు −12, 7.

మూలం రాసేటప్పుడు గుర్తు తిరగబడుతుంది. x + 12 = 0 అయితే x = −12. బ్రాకెట్లో కనిపించిన 12నే జవాబుగా రాసేయడం అలవాటుగా జరిగే తప్పు, కాబట్టి ప్రతి బ్రాకెట్‌నూ సున్నాకు సమానం చేసి విడిగా ఒక వరుస రాయడమే మంచిది.

జతల జాబితా ఎక్కడ ఆపాలి? జతలో చిన్న సంఖ్య ఆ లబ్ధం వర్గమూలాన్ని దాటాల్సిన పని లేదు. 84 వర్గమూలం 9 పైచిలుకు, కాబట్టి 9 వరకు చూస్తే చాలు, ఆ తర్వాత వచ్చేవి అవే జతలు తిరగేసినవి. పైగా జాబితాలో కిందికి వెళ్లేకొద్దీ మొత్తమూ తేడా రెండూ తగ్గుతూ పోతాయి. ఉదాహరణకు x² + 16x + 72 = 0 లో 72 జతల మొత్తాల్లో అతి చిన్నది 8 + 9 = 17. మనకు కావలసింది 16, అంతకంటే తక్కువ. కాబట్టి ఇక్కడ కారణాంకాలు దొరకవని వెతక్కుండానే చెప్పేయవచ్చు.

మెట్టు 4: x² గుణకం 1 కానప్పుడు మధ్య పదాన్ని విడగొట్టడం

ఈ పద్ధతిలో నిజమైన పని ఇక్కడే ఉంది.

6x² − 11x − 35 = 0

మొదటి గుణకాన్నీ స్థిరపదాన్నీ గుణించండి: 6 × (−35) = −210. లబ్ధం −210, మొత్తం −11 అయ్యే రెండు సంఖ్యలు కావాలి. గుర్తులు వేరు, కాబట్టి 210 జతల్లో తేడా 11 ఉన్నది చూడాలి. 10 × 21 కుదురుతుంది. పెద్దదానికి మైనస్: −21, +10. ఇప్పుడు −11x స్థానంలో ఈ రెండు పదాలూ రాయండి:

6x² − 21x + 10x − 35 = 0

మొదటి రెండింటినీ ఒక గుంపుగా, చివరి రెండింటినీ ఒక గుంపుగా చేసి, ఒక్కో గుంపులోంచి ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీయండి:

3x(2x − 7) + 5(2x − 7) = 0

(2x − 7)(3x + 5) = 0

2x − 7 = 0 అయితే x = 7/2. 3x + 5 = 0 అయితే x = −5/3. ఇక్కడ −5 అని రాసి ఆపేయకండి, 3తో భాగించడం ఇంకా మిగిలి ఉంటుంది.

మొదటి గుణకాన్నీ స్థిరపదాన్నీ గుణించడమెందుకు? (px + q)(rx + s) విప్పి చూస్తే తెలుస్తుంది. మొదటి గుణకం pr, స్థిరపదం qs, మధ్య పదం గుణకం ps + qr. మనం వెతుకుతున్న రెండు ముక్కలు ps, qr. వాటి లబ్ధం psqr. మొదటి గుణకం, స్థిరపదాల లబ్ధం కూడా prqs, రెండూ ఒకటే. అందుకే ఆ లబ్ధానికి జతలు వెతికితే మధ్య పదాన్ని ఎలా చీల్చాలో దొరుకుతుంది.

ముక్కలను ఏ వరుసలో రాసినా ఫలితం మారదు. 6x² + 10x − 21x − 35 అని రాస్తే 2x(3x + 5) − 7(3x + 5) వస్తుంది, అవే బ్రాకెట్లు. కానీ ఇలా రాసినప్పుడు ఒక జాగ్రత్త కావాలి. −21x − 35 లోంచి −7 బయటికి తీస్తే లోపల రెండు గుర్తులూ మారి 3x + 5 అవ్వాలి. చాలామంది −7(3x − 5) అని రాస్తారు. రెండో గుంపు మైనస్‌తో మొదలైతే ఆ మైనస్‌ను సంఖ్యతోపాటే బయటికి తీసి, లోపలి ప్రతి గుర్తునూ తిరగేయాలి.

రెండు బ్రాకెట్లూ అచ్చంగా ఒకటే రాకపోతే ముందుకు వెళ్లకండి. ఒకదాంట్లో 2x − 7, ఇంకోదాంట్లో 2x + 7 వచ్చిందంటే గుర్తు తప్పింది. సంఖ్యలే వేరుగా వచ్చాయంటే జత తప్పైనా అయ్యుండాలి, ఒక గుంపులోంచి ఉమ్మడి కారణాంకాన్ని పూర్తిగా తీయకపోయినా అయ్యుండాలి. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే: తప్పు జరిగితే అది మధ్యలోనే బయటపడుతుంది.

లబ్ధం పెద్దదైతే

24x² − 41x + 12 = 0

24 × 12 = 288. దీనికి తొమ్మిది జతలున్నాయి, అన్నీ రాయనక్కర్లేదు. 288ని ప్రధాన కారణాంకాలుగా విడగొడితే ఐదు 2లు, రెండు 3లు. కావలసిన మొత్తం 41, అది బేసి. రెండు సంఖ్యల మొత్తం బేసి కావాలంటే ఒకటి సరి, ఒకటి బేసి కావాలి. కాబట్టి 2లన్నీ ఒకే సంఖ్యలోకి వెళ్లాలి. బేసి సంఖ్య 1, 3, 9లలో ఒకటే కాగలదు. 1 + 288 = 289, 3 + 96 = 99, 9 + 32 = 41. మూడో ప్రయత్నంలో తేలింది.

స్థిరపదం ప్లస్, మధ్య పదం మైనస్, కాబట్టి రెండూ మైనస్:

24x² − 9x − 32x + 12 = 0
3x(8x − 3) − 4(8x − 3) = 0
(8x − 3)(3x − 4) = 0

మూలాలు 3/8, 4/3.

మొత్తం సరి సంఖ్య, లబ్ధమూ సరి అయితే రెండు సంఖ్యలూ సరి కావాల్సిందే. అప్పుడు ఒక్కోదానికి కనీసం ఒక 2 ఇచ్చి, మిగిలినవాటిని పంచండి. అదేవిధంగా లబ్ధం 3తో భాగించబడి, మొత్తం 3తో భాగించబడకపోతే 3లన్నీ ఒకేవైపు ఉంటాయి. ఈ రెండు పరీక్షలతోనే జాబితా సగానికిపైగా తగ్గిపోవడం మామూలే.

అసలు విడిపోతుందో లేదో ముందే తెలుసుకోవడం

విచక్షణి b² − 4ac లెక్కించండి. a, b, c పూర్ణసంఖ్యలైనప్పుడు అది సంపూర్ణ వర్గమైతే కారణాంకాలు పూర్ణసంఖ్యలతో దొరుకుతాయి, కాకపోతే దొరకవు. భిన్నాలతో ప్రయత్నిస్తే దొరుకుతాయేమో అని అనుమానపడక్కర్లేదు. భిన్నాలతో విడిపోయేది పూర్ణసంఖ్యలతోనూ విడిపోతుంది.

6x² − 11x − 35 కు 121 + 840 = 961, అంటే 31 వర్గం. విడిపోతుంది. x² − 6x + 7 కు 36 − 28 = 8, వర్గం కాదు. దానికి జతలు వెతుకుతూ కూర్చుంటే కాలం వృథా. x = (−b ± √(b² − 4ac))/(2a) అనే ఫార్ములా వాడితే 3 + √2, 3 − √2 వస్తాయి. విచక్షణి రుణాత్మకమైతే వాస్తవ మూలాలే లేవు. సంపూర్ణ వర్గం చివరి అంకె 0, 1, 4, 5, 6, 9లలో ఒకటే అయ్యుంటుంది, 2, 3, 7, 8 కనిపిస్తే అక్కడే ఆపేయవచ్చు.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. విచక్షణి వర్గమూలం d అయితే, మధ్య పదాన్ని చీల్చాల్సిన రెండు సంఖ్యలు సరిగ్గా (b + d)/2, (b − d)/2. 24x² − 41x + 12 లో విచక్షణి 1681 − 1152 = 529, వర్గమూలం 23. (−41 + 23)/2 = −9, (−41 − 23)/2 = −32. జతలు వెతక్కుండానే వచ్చేశాయి. నిజానికి ఇంతదూరం వచ్చాక ఫార్ములాకు మిగిలింది ఒక్క భాగహారమే. అందుకే లబ్ధం మరీ పెద్దదై, జత ఒక నిమిషంలో తట్టకపోతే కారణాంకాల కోసం పట్టుబట్టకుండా ఫార్ములాకు మారిపోవడమే తెలివైన పని. ప్రశ్నలో కారణాంక పద్ధతిలోనే చేయమని అడిగితే ఈ కిటుకు వాడండి.

మెట్టు 5: సరిచూసుకోవడం

మూలాలను మొదట ఇచ్చిన సమీకరణంలోనే వేసి చూడండి, మధ్యలో మీరు రాసుకున్న రూపంలో కాదు. మొదటి మెట్టులోనే తప్పు జరిగి ఉంటే మధ్య రూపం దాన్ని దాచేస్తుంది.

భిన్నాలు వేసి చూడటం విసుగనిపిస్తే మూలాల మొత్తం −b/a, లబ్ధం c/a అవుతున్నాయో లేదో చూడండి. 6x² − 11x − 35 = 0 మూలాలు 7/2, −5/3. మొత్తం 21/6 − 10/6 = 11/6. లబ్ధం −35/6. రెండూ సరిపోయాయి. ఒకటి సరిపోయి రెండోది బెడిస్తే చాలావరకు గుర్తు తప్పే. లబ్ధం సరిగ్గా ఉండి మొత్తం గుర్తు తిరగబడితే, రెండు మూలాల గుర్తులూ తారుమారయ్యాయన్నమాట.

హారంలో x ఉన్న సమీకరణమైతే ప్రత్యక్షంగా వేసి చూడటం తప్పనిసరి. x²/(x − 3) = 9/(x − 3) లో రెండువైపులా x − 3 తో గుణిస్తే x² = 9, అంటే 3, −3. కానీ 3 వేస్తే హారం సున్నా అవుతుంది, కాబట్టి అది మూలం కాదు. జవాబు −3 ఒక్కటే.

పద సమస్యల్లో ఈ వడపోత ఇంకో రూపంలో వస్తుంది. దీర్ఘచతురస్రం పొడవు వెడల్పు కంటే 5 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 84 చదరపు మీటర్లు అంటే x(x + 5) = 84, అదే పైన చూసిన x² + 5x − 84 = 0. మూలాలు 7, −12. వెడల్పు రుణాత్మకం కాదు కనుక −12ను వదిలేసి, వెడల్పు 7 మీటర్లు, పొడవు 12 మీటర్లు అని రాస్తాం. అదే ప్రశ్న రెండు పూర్ణసంఖ్యల తేడా 5, లబ్ధం 84 అని అడిగి ఉంటే −12ను తీసేయకూడదు: −12, −7 కూడా సరైన జతే. రుణ మూలం కనిపించగానే కొట్టేసే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ సగం జవాబు పోగొట్టుకుంటారు.

చేసి చూడటానికి

కింది ఆరింటిలో ఒకటి పూర్ణసంఖ్యలతో విడిపోదు. ఏదో ముందే పట్టుకోండి.

1. x² − 13x + 40 = 0
2. 3x² = 12x
3. 8x² + 2x − 15 = 0
4. (x + 1)(x − 6) = 18
5. x² + 4x − 7 = 0
6. 25x² + 10x + 1 = 0

జవాబులు: మొదటిది 5, 8. రెండోది 0, 4. మూడోదాంట్లో లబ్ధం −120, చీల్చాల్సినవి 12, −10, మూలాలు 5/4, −3/2. నాలుగోదాన్ని విప్పితే x² − 5x − 24 = 0, మూలాలు 8, −3. ఐదోదాని విచక్షణి 44, సంపూర్ణ వర్గం కాదు, ఫార్ములాతో −2 + √11, −2 − √11. ఆరోది సంపూర్ణ వర్గం, మూలం −1/5 రెండుసార్లు.